బొగ్గుబాయి నుండి వీధి దీపము వరకు

(జ్యోతినగరములోని విద్యుత్కేంద్రమును చూడవచ్చిన గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)

ఈ ఉదయము మీరందరు ఇచ్చటి విద్యుత్కేంద్రమును చూచితిరి. ఆకాశము నంటు పొగగొట్టములను, కొండలవలె పేర్చిన బొగ్గు కుప్పలను, బొగ్గు మోసికొని వచ్చు రైళ్లను చూచితిరి. భోజనముల వేళ మీలో ఒక పెద్దమనిషి మా ప్రక్కన కూర్చుండి మెల్లగా ఒక ప్రశ్న వేసినారు. "సారూ, బొగ్గు మా కాడిదే. గోదారి నీళ్లు మా కాడియే. ఇంత పెద్ద కరెంటు బట్టీ మా ఊరి ముంగటనే ఉన్నది. మరి మొన్న రాత్రి మా ఊళ్లె మూడు గంటలు చీకటెందుకైంది?" అని వారి ప్రశ్న.

మేము ఈ సభకొరకు వ్రాసి తెచ్చుకొనిన ఉపన్యాసము వేరు. ఆ కాగితములను ప్రక్కన పెట్టి, ఈ ప్రశ్నకే సమాధానము చెప్పదలచితిమి. ఏలననగా ఇది ఆ ఒక్క పెద్దమనిషి ప్రశ్న కాదు. ఈ చుట్టుపట్ల గ్రామములలో అందరి నోటను ఉన్న ప్రశ్న ఇదే. దీపము క్రింద చీకటి యని పెద్దలు చెప్పిన సామెత మన ప్రాంతమునకే పుట్టినదా యని కొందరు నిష్ఠూరముగ అనుచుందురు. ఆ నిష్ఠూరములో న్యాయము కలదు. ఈ కేంద్రము కొరకును, గనుల కొరకును భూములు, ఇండ్లు ఇచ్చినవారు మీ ప్రక్కవారే. కనుక వారికి సరియైన సమాధానము చెప్పవలసి యున్నది. అందులకు బొగ్గు బయలుదేరిన చోటి నుండి మీ వీధి దీపము వెలుగు చోటు వరకు మనము ఒకసారి నడచి రావలెను.

నిలువ ఉండని సరుకు

మొదట ఒక మాట జ్ఞాపకముంచుకొనవలెను. వడ్లు పండిన గాదెలో పోసి ఆరు మాసములు దాచవచ్చును. నీటిని చెరువులో నిలుపవచ్చును. విద్యుత్తు అట్లు కాదు. నేడు పెద్ద బ్యాటరీల యందును, కొన్ని జలాశయముల సాయముతోను కొంత దాచుట వచ్చినది గాని, దేశమునకు కావలసిన దానిలో అది మిక్కిలి స్వల్పము. తక్కిన దంతయు ఏ క్షణమునకు కావలసినది ఆ క్షణముననే పుట్టవలెను. మీ ఇంటిలో మీరు స్విచ్చి నొక్కిన క్షణమున ఎచ్చటనో ఒకచోట ఆ మేరకు బొగ్గు అధికముగ మండవలెను, లేదా నీరు అధికముగ దూకవలెను. ఇందువలననే ఈ కార్ఖానాలో పగలు రాత్రి అను భేదము లేదు, పండుగ యను సెలవు లేదు.

బొగ్గు ప్రయాణము

మన రాష్ట్రములో బొగ్గు ఉన్నదని 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున కనుగొనెను. 1886లో ఇంగ్లండులో స్థాపితమైన హైదరాబాదు దక్కన్ కంపెనీ గనులు త్రవ్వు హక్కులు పొందినది. సింగరేణి కాలరీస్ కంపెనీ యను పేరు 1920 డిసెంబరులో వచ్చినది. నేడు ఆ కంపెనీలో రాష్ట్ర ప్రభుత్వమునకు 51 శాతము, కేంద్ర ప్రభుత్వమునకు 49 శాతము వాటా కలదు. ఇల్లెందు, కొత్తగూడెముల నుండి గోదావరి ఒడ్డు వరకు గనులు వ్యాపించినవి. వాటి వెంటనే గోదావరిఖని పట్టణము పెరిగినది.

భూమి లోపలి గనిని మన ప్రజలు బొగ్గుబాయి యందురు. అందు మూడు పాళీలలో కార్మికులు దిగుదురు. పైకప్పు కూలకుండ దిమ్మలు నిలుపుకొనుచు, తలపై దీపము పెట్టుకొని పని చేయుదురు. నేడు అధిక భాగము బొగ్గు ఓపెన్ కాస్టు గనుల నుండి వచ్చుచున్నది. అచ్చట పైమట్టిని తొలగించి, బొగ్గు పొరను ప్రేల్చి, పెద్ద లారీలలోనికి ఎత్తుదురు.

ఆ బొగ్గును ముక్కలుగ కొట్టి రైలు పెట్టెలలో నింపుదురు. ఉదయము మీరు చూచిన రైళ్లు సామాన్యమైన గూడ్సు బండ్లు కావు. గనికిని కేంద్రమునకును నడుమ వీటికి ప్రత్యేకమైన పట్టాలు కలవు. పెట్టె అడుగున తలుపులు ఉండును. కేంద్రము చేరగానే ఆ తలుపులు తెరచుకొని బొగ్గు క్రింది గోతిలోనికి జారును. బండి మరల గనికి పోవును. జాతరలో రంగులరాట్నము తిరిగినట్లు గని నుండి కేంద్రమునకు, కేంద్రము నుండి గనికి ఇది తిరుగుచునే యుండును. కనుక దీనికి రంగులరాట్నము అను అర్థము వచ్చు ఇంగ్లీషు పేరే పెట్టినారు.

ఎంత బొగ్గు కావలెను? మన దేశపు బొగ్గుతో ఒక యూనిట్ విద్యుత్తునకు ఇంచుమించు 650 గ్రాములు పట్టును. ఒక యూనిట్ అనగా వేయి వాట్ల పరికరము ఒక గంట నడచుటకు పట్టునది. 500 మెగావాట్ల యంత్ర మొకటి పూర్తి బలముతో నడచినచో గంటకు 300 టన్నులకు పైగా బొగ్గును తినును. ఈ లెక్కను మనసులో ఉంచుకొనుడు. వీధి దీపముల కడకు వచ్చినప్పుడు మరల దీనితో పని పడును.

నీరు, ఆవిరి, చక్రము

జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ, అనగా ఎన్.టి.పి.సి., 1975లో స్థాపితమైనది. 1978 నవంబరులో నాటి ప్రధాని మొరార్జీ దేశాయి ఇచ్చటి కేంద్రమునకు శంకుస్థాపన చేసినారు. మొదటి యంత్రము 1983లో నడచినది. 200 మెగావాట్లవి మూడు, 500 మెగావాట్లవి నాలుగు, మొత్తము ఏడు యంత్రములతో 2004 నాటికి ఇది 2,600 మెగావాట్ల కేంద్రమైనది. దీని ప్రక్కనే తెలంగాణ ప్రాజెక్టు పేర 800 మెగావాట్ల యంత్రములు రెండు వచ్చినవి. మొదటిది 2023 అక్టోబరులోను, రెండవది 2024 మార్చిలోను జాతికి అంకితమైనవి. వాటి ఉత్పత్తిలో 85 శాతము మన రాష్ట్రమునకే. ఇచ్చటి జలాశయముపై తేలుచున్న 100 మెగావాట్ల సౌర ఫలకలను మీరు చూచితిరి. అవి 2022లో పూర్తియైనవి. 1971లో వెలసిన 62.5 మెగావాట్ల పాత రాష్ట్ర విద్యుత్కేంద్రము మాత్రము 2024లో మూతపడినది.

ఇంత పెద్ద కార్ఖానా లోపల జరుగు పని మన ఇంటి వంటగదిలో జరుగుదానికి చాల భిన్నము కాదు. ఎసరు కాగునప్పుడు ఆవిరి మూతను ఎగురవేయును. ఆ ఆవిరి బలమునే ఇచ్చట వాడుకొనుచున్నారు. బొగ్గును మరలలో ముఖమునకు రాచుకొను పౌడరంత మెత్తగా విసరి, వేడి గాలితో కొలిమిలోనికి ఊదుదురు. అది గాలిలోనే భగ్గుమని మండును. కొలిమి గోడల వెంబడి ఉన్న గొట్టములలోని నీరు ఆవిరి యగును. ఆ ఆవిరిని 540 డిగ్రీల వరకు కాచెదరు. దాని ఒత్తిడి మన చుట్టునున్న గాలి ఒత్తిడికి 160 రెట్లకు పైగా ఉండును. అది టర్బైను రెక్కలను తాకి చక్రమును త్రిప్పును. ఆ చక్రమునకు తగిలించిన జనరేటరులో విద్యుత్తు పుట్టును. పని తీరిన ఆవిరిని చల్లబరచి నీరుగ మార్చి మరల కొలిమికే పంపెదరు. చల్లబరచుటకే అధికముగ నీరు కావలెను. అందుచే ఈ కేంద్రము గోదావరి చెంత వెలసినది.

ఆ చక్రము నిమిషమునకు 3,000 సార్లు, అనగా సెకండునకు 50 సార్లు తిరుగును. మీ ఇంటి తీగలోని విద్యుత్తు సెకండునకు 50 సార్లు ఊగుట కిదియే కారణము. దేశములో వాడకము హఠాత్తుగ పెరిగినచో, ఎడ్లకు బరువు పెరిగినట్లు, ఈ చక్రములన్నియు కొంచెము మందగించును. వాడకము తగ్గినచో వేగము హెచ్చును. ఈ వేగము ఏ మాత్రము చెదరకుండ కాచుటకు బెంగుళూరులో దక్షిణ ప్రాంతమునకు, హైదరాబాదులో మన రాష్ట్రమునకు భార నియంత్రణ కేంద్రములు కలవు. ఏ కేంద్రము ఎంత ఉత్పత్తి చేయవలెనో, ఏది తగ్గించవలెనో వారు చెప్పుదురు. ఆ కాపలా తప్పినచో ఏమగునో 2012 జూలై 30, 31 తేదీలలో చూచితిమి. ఉత్తర భారతమున, రెండవ దినమున తూర్పు, ఈశాన్య ప్రాంతములలో గూడ 60 కోట్లకు పైగా ప్రజలు చీకటిపాలైరి. అప్పటికి దక్షిణపు తంతులు వారి వానితో పూర్తిగ కలియలేదు గనుక మనము తప్పించుకొంటిమి. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూరుల నడుమ తంతితో మనమును కలసితిమి. నాటి నుండి జ్యోతినగరము చక్రము దేశములోని తక్కిన చక్రములన్నిటితో అడుగు కలిపి తిరుగుచున్నది.

పెద్ద తంతి, చిన్న తంతి

ఇక ఆ పెద్దమనిషి ప్రశ్నలోని ముడి ఇచ్చట విప్పవలెను. ఈ కేంద్రము నుండి బయలుదేరు పెద్ద తంతులు మీ పొలముల మీదుగ పోవుచున్నను, వాటి నుండి మీ ఊరికి విద్యుత్తు దిగదు. దిగుటకు వీలును లేదు.

జనరేటరులో పుట్టిన విద్యుత్తును 4,00,000 వోల్టులకు పెంచి పెద్ద తంతుల మీదికి ఎక్కించెదరు. ఇంత ఎత్తునకు పెంచుట ఎందులకు? మట్టి కాలువలో నీరు పారించినచో దారిలో కొంత ఇంకిపోవును గదా! తీగలో విద్యుత్తు పారునప్పుడును కొంత వేడియై పోవును. వోల్టులు రెండింతలు చేసినచో అంతే శక్తిని సగము ప్రవాహముతో పంపవచ్చును. అప్పుడు నష్టము సగము గాక నాలుగవ వంతునకు తగ్గును. అందుచే దూరము పోవలసిన దానిని ఎక్కువ వోల్టులతో పంపుదురు. ఊరు దగ్గరపడిన కొలది మెట్లు దిగినట్లు దించుచు వత్తురు. 4 లక్షల నుండి 2,20,000, అచ్చటి నుండి 1,32,000, పిదప 33,000, మీ మండలములోని సబ్‌స్టేషనులో 11,000, చివరకు మీ ఊరి ట్రాన్స్‌ఫార్మరు కడ 400 వోల్టులు. ఇంటిలోనికి వచ్చునది 230 వోల్టులు.

ఈ మెట్లన్నియు ఒకే సంస్థవి కావు. ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క పొలిమేర కలదు. బొగ్గు త్రవ్వునది సింగరేణి. విద్యుత్తు పుట్టించునది ఎన్.టి.పి.సి. రాష్ట్రముల నడుమ తిరుగు పెద్ద తంతులు పవర్‌గ్రిడ్ సంస్థవి. రాష్ట్రము లోపల 33,000 వోల్టుల వరకు దించి అందించునది తెలంగాణ ట్రాన్స్‌కో. అచ్చటి నుండి మీ ఇంటి మీటరు వరకు తెచ్చునది హనుమకొండ కేంద్రముగ నున్న ఉత్తర మండల విద్యుత్ పంపిణీ సంస్థ. ధరలు నిర్ణయించునది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. 1959లో ఏర్పడిన విద్యుత్ బోర్డు కాలమున ఉత్పత్తి, సరఫరా, పంపిణీ ఒకే కప్పు క్రింద ఉండెను. 1999 నుండి ఆ పనులను విడదీసి వేరువేరు సంస్థల కప్పగించినారు.

కనుక మీ ఊరిలో దీపము ఆరినప్పుడు ఈ కేంద్రపు గేటు కడకు వచ్చి అడిగిన ప్రయోజనము లేదు. ఇచ్చటి ఇంజనీరునకు మీ ఊరి ఫ్యూజు సంగతి తెలియదు. ఆ రాత్రి ఇచ్చటి చక్రము ఆగియుండలేదు. పెద్ద తంతి తెగియుండలేదు. అవి ఆగినచో చీకటి మీ ఒక్క ఊరికే వచ్చునది కాదు. ప్రక్క ఊరిలో వెలుగు ఉండి మీ ఊరిలో చీకటి యైనచో, తప్పు ఎచ్చటనో మీ సబ్‌స్టేషనునకును మీ ఇంటికిని నడుమ, మిక్కిలి తరచుగ మీ ట్రాన్స్‌ఫార్మరు కడనే ఉండును. వందల కిలోమీటర్ల దారి సరిగా నడచి, చివరి రెండు కిలోమీటర్లలో బండి కూలబడుచున్నది. ఆ రెండు కిలోమీటర్లు మీ పంచాయతీ పొలిమేరలోనే ఉన్నవి.

చివరి రెండు కిలోమీటర్లు

బండి ఎట్లు కూలబడుచున్నదో చూతము. బావుల కడ 100 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు ఒకటి ఉన్నదనుకొనుడు. అయిదు అశ్వశక్తుల మోటార్లను అది ఇంచుమించు ఇరువదింటిని మోయగలదు. చెప్పకుండ తగిలించినవి, అనుమతికి మించిన బలముగలవి కలిపి ముప్పదియైనచో, ఎడ్లబండి మీద లారీ బరువు వేసినట్లగును. అంతియే కాదు. మోటారు బయలుదేరు క్షణమున మామూలుగ తినుదానికి అయిదారు రెట్లు తినును. మన రాష్ట్రములో 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల సరఫరా మొదలైనప్పుడు ఆటోమేటిక్ స్టార్టర్లను తీసివేయుడని రైతులను కోరుట ఇందువలననే. ఆటో స్టార్టర్లు ఉన్నచో, పోయిన కరెంటు వచ్చినంతనే మోటార్లన్నియు ఒక్కసారి లేచి నిలబడును. ఫ్యూజు ఎగిరిపోవును.

ఫ్యూజు ఎగురుట దోషము కాదు, రక్షణ. తాను కాలి ట్రాన్స్‌ఫార్మరును కాపాడుట దాని పని. మనవారు ఏమి చేయుచున్నారు? మరల ఎగరకుండ లావుపాటి తీగ చుట్టుచున్నారు. అప్పుడు ఫ్యూజు నిలుచును, ట్రాన్స్‌ఫార్మరు లోపలి చుట్టలు కాలిపోవును. మూడు గంటల చీకటి మూడు దినముల చీకటి యగును, ఎండలో వరిమడి పగుళ్లు వారును.

ఇంతకన్న పెద్ద నష్టము వేరొకటి కలదు. కొన్ని యేండ్ల క్రిందట మేము ప్రచార కార్యక్రమము మీద ఒక గ్రామమునకు పోయితిమి. ఊరు పేరు చెప్పము. ఊరంతయు మూగవోయి యున్నది. ముందు రాత్రి ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు పోగా, ముప్పది యేండ్ల రైతు ఒకడు తానే సరిచేయుటకు దిమ్మె యెక్కినాడట. ఎక్కుటకు ముందు స్విచ్చి దించినాడు. ఆ స్విచ్చికి మూడు కత్తులుండును. త్రుప్పు పట్టి వానిలో ఒకటి పూర్తిగ తెరచుకొనలేదు. చీకటిలో అతనికి అది కనబడలేదు. మూడు తీగలలో ఒకదానిలో ప్రాణము మిగిలియున్నది. అతని ప్రాణము పోయినది.

మేము ఆ ఇంటికి పోయి అరుగు మీద కూర్చుంటిమి. ఆయన భార్య చాల సేపు మాటాడలేదు. పిమ్మట ఒక్క మాట అన్నది. "ఆ డబ్బా కాడ లైన్‌మన్ నంబరు రాసున్నా ఫోన్ జేసెటోడు సారూ. ఎవలకు జెప్పాల్నో ఎరుక లేక ఎక్కిండు."

ఆ మాట మమ్ము నేటికిని వదలలేదు. ఆ తల్లి ఎవరిని నిందింపలేదు. కాని ఆ నంబరు వ్రాయుట ఎవరి పని? పంపిణీ సంస్థదే యని పంచాయతీ వా రనవచ్చును. ఊరి వారు అడుగవలెనని సంస్థ వా రనవచ్చును. మా శాఖ కరపత్రములు పంచినది గదా యని మేమును అనవచ్చును. అందరి మాటయు నిజమే గాని, నాలుగు అంకెల నంబరు ఆ గోడ మీద లేకపోయెను.

విద్యుత్ సిబ్బంది స్తంభ మెక్కు పద్ధతి వేరు. ముందుగ సబ్‌స్టేషనుకు ఫోను చేసి ఆ లైను ఆపించెదరు. దీనిని లైన్ క్లియర్ లేదా ఎల్.సి. తీసికొనుట యందురు. పని ముగించి వారే తిరిగి చెప్పువరకు సబ్‌స్టేషనులో లైను వదలరాదు. ఆపిన పిదప తీగలలో విద్యుత్తు లేదని పరీక్షించి, వాటిని గొలుసుతో భూమికి కలిపి, అప్పుడు చేయి పెట్టుదురు. ఇన్ని కట్టుబాట్ల నడుమ గూడ అప్పుడప్పుడు ప్రమాదములు జరుగుచున్నవనగా, ఏ కట్టుబాటు లేక ఎక్కు రైతు గతి యేమి?

మరియొక అపాయము గూడ చెప్పక తప్పదు. అడవి పందుల నుండి పంటను కాపాడుకొనుటకు, లేదా వేట కొరకు, చేని చుట్టు నేలబారున తీగ కట్టి 230 వోల్టుల కరెంటు పెట్టువారు ఉన్నారు. ఆ తీగకు పంది యని, పసులకాపరి యని భేదము తెలియదు. తెల్లవారుజామున నీరు పెట్టవచ్చిన ప్రక్క చేని రైతు, ఒక్కొక్కచోట తీగ కట్టినవాడే, బలియైన సంగతులు మన రాష్ట్రమున ఎన్నియో కలవు. అది విద్యుచ్చౌర్యము మాత్రమే కాదు, ప్రాణము పోయిన పక్షమున పెద్ద నేరము. సౌర కంచె వేరు. అది క్షణకాలపు చిన్న దెబ్బ మాత్రము కొట్టును, చంపదు. అందును ప్రమాణము గల యంత్రమునే వాడవలెను.

పంచాయతీ చేయగల పనులు

ఇప్పుడు మీ చేతిలోని పనులకు వత్తము. వీటిలో ఏ ఒక్కటియు పెద్ద ధనముతో కూడినది కాదు.

మొదటిది, నంబర్లు వ్రాయించుట. గ్రామములోని ప్రతి ట్రాన్స్‌ఫార్మరునకు ఒక సంఖ్య ఉండును. ఆ సంఖ్యలను, ఏది ఏ వాడకు, ఏ బావులకు సంబంధించినదో ఒక పట్టికగ వ్రాసి పంచాయతీ కార్యాలయపు గోడపై ఉంచుడు. లైన్‌మన్ నంబరును, విద్యుత్ ఫిర్యాదులకు దేశమంతట ఒకటియైన 1912 నంబరును ప్రతి దిమ్మె కడ పెద్ద అక్షరములతో వ్రాయించుడు. "ఎక్కరాదు" అను మాట దాని క్రింద ఉండవలెను. ఒక డబ్బా రంగు, ఒక పూట పని.

రెండవది, వీధి దీపములకు వేరు తీగ. వీధి దీపములను ఇండ్ల తీగకే తగిలించినచో వాటిని ఆర్పుటకు వీలు లేదు, పట్టపగలును వెలుగుచుండును. మూడవ తీగ యని మీరనునది లాగి ఒక స్విచ్చి పెట్టినచో సాయంకాలము వేయవచ్చును, ఉదయము ఆర్పవచ్చును. 2019లో పల్లె ప్రగతి కార్యక్రమమున పెక్కు ఊళ్లలో ఈ తీగ పడినది. పడని వాడలు ఉన్నచో తీర్మానము చేసి అడుగుడు. లాభమెంత? 20 వాట్ల దీపములు నూరు ఉన్న ఊరిలో పగలు పండ్రెండు గంటలు వృథాగ వెలిగినచో దినమునకు 24 యూనిట్లు, నెలకు 720 యూనిట్లు. ఇందాక చెప్పిన లెక్క ప్రకారము ఆ వృథా వెనుక నెలకు ఇంచుమించు అర టన్ను బొగ్గు కలదు. బొగ్గుబాయిలో దిగిన కార్మికుని చెమట సూర్యుని ఎదుట దీపము పెట్టుటకు ఖర్చగుచున్నది. ఆ బిల్లు చెల్లించునది మీ ఇంటి పన్నే.

మూడవది, మీటరు, బిల్లు. వీధి దీపములకును, మంచినీటి పథకపు మోటారునకును మీటర్లున్నవో లేవో చూడుడు. మీటరు చూచి వేసిన బిల్లు వేరు, అంచనాతో వేసిన బిల్లు వేరు. సి.సి. చార్జీలను నెలనెల పంచాయతీ సమావేశమున చదివి వినిపింపుడు. బకాయి పేరుకొనిన పంచాయతీ గట్టిగ అడుగలేదు.

నాలుగవది, కాలానుగుణమైన పరీక్ష. వానలకు ముందు లైన్‌మన్‌ను వెంటబెట్టుకొని సర్పంచి, వార్డు సభ్యులు ఊరంతయు ఒకసారి తిరుగుడు. ఒరిగిన స్తంభములు, చేతికందునట్లు వ్రేలాడు తీగలు, చెట్టుకొమ్మల నడుమ పోవు తీగలు, కంచె లేని దిమ్మెలు, పూర్తిగ తెరచుకొనని స్విచ్చులు, ఎండిపోయిన ఎర్తుగుంటలు వ్రాసికొని, ఒక ప్రతిని సెక్షను ఆఫీసులో ఇచ్చి అందినట్లు సంతకము తీసికొనుడు. నోటిమాట గాలికి పోవును, కాగితము నిలుచును.

అయిదవది, హక్కు తెలిసికొనుట. గ్రామములో కాలిన ట్రాన్స్‌ఫార్మరును 48 గంటలలో మార్చవలెనని ప్రమాణము ఉన్నది. మార్చు బాధ్యత పంపిణీ సంస్థది. రైతులు చందాలు వేసికొని బండి కట్టి తీసికొనిపోవలసిన పని కాదు. ఫిర్యాదు తీరనిచో వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక కలదు. అచ్చటను తృప్తి కలుగనిచో విద్యుత్ అంబుడ్స్‌మన్ కలరు. 2003 విద్యుత్ చట్టము ఈ రెండు మెట్లను సామాన్యునికొరకే ఏర్పరచినది.

ఆరవది, రైతులతో మాటాడుట. ఒక్కొక్క ట్రాన్స్‌ఫార్మరు క్రింది రైతులను ఒకచోట కూర్చుండబెట్టి, ఎన్ని మోటార్లున్నవో లెక్క తీయుడు. భారము మించినచో దాచక అదనపు ట్రాన్స్‌ఫార్మరునకు దరఖాస్తు పెట్టించుడు. ఆటో స్టార్టర్లను తీయించి కెపాసిటర్లను పెట్టించుడు. ఈ మాట మా వంటి ఆఫీసరు చెప్పిన ఒక చెవి విని రెండవ చెవి విడచును. బావి ప్రక్క బావి రైతు, తన వార్డు మెంబరు చెప్పిన వినును.

ఏడవది, ప్రమాద సమయమున నడత. తీగ తెగి నేల బడినచో దరిదాపులకు ఎవరిని పోనీయక ఇరుప్రక్కల మనుష్యులను నిలిపి 1912కు చెప్పుడు. తీగకు అంటుకొనిన మనిషిని చేతితో లాగరాదు. లాగినవారును పోయిన ఇండ్లు కలవు. ఇంటిలో నైనచో మెయిను ఆపి, వీలు లేనిచో ఎండిన కఱ్ఱతో తీగను ప్రక్కకు నెట్టి, 108కి ఫోను చేయుడు. పెద్ద తంతుల కడ కఱ్ఱయు పనికిరాదు. సబ్‌స్టేషనులో లైను ఆపించుటయే మార్గము. ఊరిలోని యువకులు పదిమందికి ఆగిన గుండెను రొమ్ము నొక్కి నడపు పద్ధతి నేర్పించుడు.

బూడిదను గూర్చి ఒక మాట. మన బొగ్గులో నూటికి ముప్పది నలుబది పాళ్లు బూడిదయే. పొగగొట్టమునకు ముందే అధిక భాగమును యంత్రములు పట్టుకొనును. ఆ బూడిదతో ఇటుకలు, సిమెంటు చేయుచున్నారు. రోడ్లకు, గోతులు పూడ్చుటకు వాడుచున్నారు. ఇట్టి కేంద్రమునకు 300 కిలోమీటర్ల లోపలి నిర్మాణములలో బూడిద ఇటుకలు వాడవలెనని కేంద్ర నియమము. మీ పంచాయతీ భవనము, అంగన్‌వాడీ కట్టునప్పుడు ఈ సంగతి గుర్తుంచుకొనిన మీ పొలపు పైమన్ను మిగులును.

పెద్దమనిషి ప్రశ్నకు సమాధానము

తాతా, మీ ప్రశ్నకు ఇదియే మా సమాధానము. ఈ బట్టీ మీ ఊరి ముంగట ఉన్నందువలన మీ ఇంటికి ముందుగ వెలుగు రాదు. దూరమున నున్నందువలన కన్యాకుమారికి వెనుకగ పోదు. మీ ఊరును ఆ ఊరును ఒకే తంతి మీద ఉన్నవి. మొన్న రాత్రి మీ ఊరి చీకటికి కారణము ఇచ్చట లేదు. మీ దిమ్మె మీద, అందలి ఫ్యూజులో, ఆ ఫ్యూజు నెగురగొట్టిన మోటార్లలో, ఫోను చేయవలసిన నంబరు తెలియకపోవుటలో ఉన్నది. ఇందు కొంత తప్పు సంస్థది, కొంత ఊరిది. సరిచేయుటకు మొదట కదలవలసినది పంచాయతీ.

సోదర సోదరీమణులారా, బొగ్గు త్రవ్వుట మీ పని కాదు. ఆవిరి చక్రము త్రిప్పుట మీ పని కాదు. ఆ పనులు చేయువారు తమ తమ పాళీలలో మెలకువగ ఉన్నారు. ఈ గొలుసులోని చివరి లంకె మీరు. రేపు ఊరికి పోయి పెద్ద సభలేమియు పెట్టవలదు. ముందుగ ఒక డబ్బా రంగు, ఒక కుంచె తీసికొని దిమ్మె కడకు పొండు. 1912 అను నాలుగు అంకెలు వ్రాయుడు. ఏదో ఒక రాత్రి, మనకు పేరు తెలియని ఒక రైతు, ఆ అంకెలను చూచి ఎక్కబోయినవాడు ఆగును. ఆ ఇంట దీపము నిలుచును.